గౌరి వదిన గోడ

మా పేటలో చేప పేరెత్తితే మొదట అడిగే మాట, "కూరకొస్తాదా?" రెండో మాట, "ఎండెడితే నిలవుంతాదా?" ఈ రెండింటికీ పనికిరాని చేపని ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటే వాళ్ళకి పిచ్చి అని తేల్చేస్తారు. పెట్టుకున్నది కోడలైతే పిచ్చి దగ్గర ఆగరు, పొగరు అంటారు. మా గౌరి వదినకి ఆ రెండు పేర్లూ వచ్చాయి. ఆమె చేసిందల్లా మా ముందుగదిలో ఒక గోడ అడగటం.

ఆ గోడ సంగతి పేటలో ఇప్పుడు వేరేలా చెప్పుకుంటున్నారు. కుళాయి దగ్గర వింటుంటే ఒళ్ళు మండుతుంది. అక్కడే నిలబడి, అలా జరగలేదని చెప్పటం నావల్ల కాదు. నలుగురు నావైపు తిరిగితే బిందె ఎత్తుకుని వచ్చేస్తాను. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అమ్మకి నడుం పడిపోయి, బడి మానేసి ఎండుచేపల పనికి కూర్చున్న దగ్గర్నుంచీ మాటలు ఇంకా తగ్గాయి. కానీ జరిగినప్పుడు నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. అందుకే రాస్తున్నాను.

గౌరి వదిన మా అన్న గంగులు భార్య. మనిషి పొట్టి, నడక వేగం. కోపమొస్తే అందరూ గొంతు పెంచుతారు, ఈమె తగ్గిస్తుంది. పెళ్ళై వచ్చిన కొత్తలో మా పేటకి దగ్గర్లో ఉన్న రొయ్యపిల్లల హేచరీలో పనికి కుదిరింది. తొట్లు కడగటం, నీళ్ళు మార్చటం, పిల్లలకి మేత తయారుచెయ్యటం ఆమె పని. ఆ మేత పేరు ఆర్టీమియా. ఇసుక రేణువుల్లాంటి గుడ్లని ఉప్పునీళ్ళ సీసాలో వేసి గాలి కొడుతూ ఉంచితే, మర్నాటికి కంటికి ఆనీ ఆనని పురుగులు పుట్టుకొస్తాయి. రొయ్యపిల్లలు అవే తింటాయి.

ఆ హేచరీ ఆఫీసు గదిలో ఒక గాజు తొట్టి ఉండేదట. అందులో వేలెడంత చేపలు. అవి సముద్రానివి కావు, మన చెరువులవీ కావు. ఎక్కడో దూరదేశపు అడవుల్లో, ఆకులు రాలి నానే పిల్లకాలవల్లో బతికే జాతి. దుకాణాల వాళ్ళు డ్వార్ఫ్ సిక్లిడ్లు అంటారు. వదిన పొట్టిచేపలు అంది, మా ఇంట్లో ఆ పేరే నిలిచింది. హేచరీ మూతపడ్డప్పుడు మిగతా ఆడవాళ్ళు బక్కెట్లూ గొట్టాలూ ఇళ్ళకి తెచ్చుకున్నారు. వదిన ఒక పాలిథిన్ కవర్లో రెండు పొట్టిచేపల్ని తెచ్చుకుంది.

"కూరకొస్తాయేటే?" అంది అమ్మ. మా అమ్మ జగ్గమ్మ జన్మంతా నెత్తిన తట్ట పెట్టుకుని ఊళ్ళమ్మట చేపలమ్మిన మనిషి.

"రావత్తా."

"మరెందుకే?"

"సూడ్డానికి."

"సూడ్డానికి సముద్రం సాల్లేదేటి నీకు?"

అమ్మ ఒక్కసారైనా కూర్చుని చూసుంటే ఆ మాట అనేది కాదు. మగది నడిమి వేలంత ఉంటుంది. తోక అంచులు నిప్పుకణికల్లా ఎర్రగా ఉంటాయి. ఆడది అందులో సగం, బూడిదరంగు, ఎవరి కంటా పడదు. కానీ గుడ్లు పెట్టిందంటే పసుపు రాసుకున్నట్టు ఒళ్ళంతా మారిపోతుంది, కంటిమీద కాటుక గీత నల్లబడుతుంది. బోర్లించిన కొబ్బరిచిప్ప లోపల, పైకప్పుకి గుడ్లు అతికిస్తుంది. ఇక ఆ చిప్ప చుట్టూ జానెడు మేర ఎవరొచ్చినా ఊరుకోదు. తనకి రెండింతలున్న మగదాన్ని కూడా తరిమి తరిమి కొడుతుంది. పిల్లలు ఈత మొదలెట్టాక వాటిని దుమ్ముతెరలా వెనకేసుకుని, అంగుళం అంగుళం నేల వెతికించి మేపుతుంది. నేను ఎండుచేపలు ఏరుతూ ఏరుతూ ఆ పసుపుపచ్చ తల్లిని చూస్తూ ఉండిపోయేదాన్ని.

పేటలో దీనికీ ఒక కారణం వెతికారు. "మగపిల్లడు లేడు కదా, ఆ దిగులు" అన్నారు. వదినకి కూతురుంది, గురుకులంలో చదువుకుంటోంది. ఆడది ఒక వస్తువుని ఇష్టపడిందంటే అది ఇంకేదో లేకపోబట్టేనని ఎందుకనుకుంటారో నాకు తెలీదు. మా అన్న సెల్‌ఫోన్లో గంటలు గంటలు క్రికెట్ చూస్తాడు. ఏ దిగులుకి చూస్తున్నాడని ఎవరూ అడగలేదు.

మొదట వదిన కూడా పొరపాటు పడింది. రాజాంలో రమేష్‌బాబు అనే ఆయనకి రంగుచేపల దుకాణం ఉంది. తొట్టి కొందామని వెళితే ఆయన ఎత్తుగా, బీరువాలా ఉన్నదొకటి అంటగట్టాడు. "వేలెడంత సేపకి ఎంత సోటు కావాలమ్మా? ఎత్తుగా ఉంటే అందం. నాలుగు జతలైనా హాయిగా పడతాయి" అన్నాడు. వదిన నమ్మి ఇంకో జత కూడా తెచ్చుకుంది. నాలుగో రోజుకి కొత్తగా వచ్చిన మగది పైన ఒక మూల నీటి అంచుకి అతుక్కుని కనిపించింది, తోక పీలికలై. మర్నాడు చచ్చిపోయింది.

ఆ తొట్టిలో నీళ్ళకి లోటు లేదు. లోటు నేలకి. ఈ చేపలు పైన ఎన్ని నీళ్ళున్నా పట్టించుకోవు, అడుగునే బతుకుతాయి. అడుగున ఒక మగది తన మేర గీసుకున్నాక ఇంకొకదానికి చోటుండాలి, కనపడకుండా దాక్కోటానికి చాటుండాలి. వదిన ఆ చచ్చిపోయిన చేపని అరచేతిలో పెట్టుకుని నాతో అంది, "సేప పట్టే సోటు వేరు, సేప ఏలుకునే సోటు వేరు సిన్నతల్లీ. ఆ బాబు నాకు పట్టే సోటమ్మినాడు."

మర్నాడే ఆ తొట్టిని బస్సెక్కించి రాజాం తీసుకుపోయి ఆయన ముందు పెట్టింది. మార్చనంటే మార్చనన్నాడు. కొట్టు మధ్యలో తొట్టి పక్కనే కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ తోక పీలికల సంగతి మెల్లిగా చెప్పటం మొదలెట్టింది. మధ్యాహ్నానికి మార్చాడు.

అప్పట్నుంచి వదిన ముందు కొలిచి తరవాతే కొనేది. మాది తుఫాను తరవాత కట్టుకున్న స్లాబు ఇల్లు. ముందు వసారా, ఆ తరవాత ముందుగది, వెనక వంటగది. అంతే. ముందుగదిలో తలుపుకీ కిటికీకీ మధ్య గోడ ఆరడుగుల పైచిలుకు ఉంటుంది. దాని మీదకి ఎండ నేరుగా రాదు. ప్లగ్గు దగ్గర. నేల గట్టిది. వదిన ఆ గోడకింద సుద్దముక్కతో తొట్లన్నీ అసలు కొలతకి గీసింది. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పువి మూడు. ఒక్కోదాంట్లో కొబ్బరిచిప్ప ఎక్కడ, చిన్న ముంత ఎక్కడ, అడ్డంగా రాయి ఎక్కడ పెట్టాలో కూడా నిజంగానే పెట్టి చూసుకుంది. తర్వాత నేలకి గడ్డమానించి, చేప కంటితో చూసినట్టు ఇటునుంచి అటు చూసింది. ఈ మూలనున్న మగదానికి ఆ మూలనున్న ఆడది కనిపిస్తోందో లేదోనని.

అమ్మ తలుపు దగ్గర నిలబడి బుగ్గన చెయ్యేసుకుంది. "ఓలమ్మో! తొక్కుడుబిల్లాటేటే ఈ వయసులో?"

"నువ్వూ రాత్తా, ఒంటికాలు మీద గెంతుదువు గాని."

"నా నడుమిరగ్గొట్టీ, నీకు గోడంతా మిగుల్తాది."

అమ్మ నవ్వింది ఆరోజు. అది కూడా రాయాలి.

వదిన లెక్క ఇది. పైవరసలో మూడు తొట్లు. చచ్చిపోయినదాని బదులు ఇంకో మగదాన్ని తెచ్చి, రెండింట్లో రెండు జతలు. మూడోది ఖాళీగా ఉండాలి, తల్లి తరిమినప్పుడు మగదాన్ని తీసి అందులో వెయ్యటానికి. ఖాళీ తొట్టి ఎందుకని అందరూ నవ్వేవారు. పుట్టింటికి వచ్చిన ఆడపిల్లకి ఒక మూల ఉంచరా, అలాంటిదే ఇదీ అనేది వదిన. కింది వరసలో నాలుగడుగుల పెద్దతొట్టి, పెరిగే పిల్లలకి. దాని పక్కన మిగిలిన చోట వాననీళ్ళ డ్రమ్ము. మా బోరునీళ్ళు బరువు, ఉప్పన. ఈ చేపలకి మెత్తటి నీళ్ళు కావాలి. అందుకని వానాకాలమంతా స్లాబు గొట్టం కింద డ్రమ్ములు పెట్టి పట్టేది. బడి దగ్గర బాదం చెట్టు కింద రాలిన ఎండాకులు నేనే ఏరి తెచ్చేదాన్ని. అవి వేస్తే నీళ్ళు పల్చటి టీ రంగుకి తిరుగుతాయి, చేపలు కుదుటపడతాయి.

ఇంత గీసుకుని కూడా వదిన ఇనప స్టాండు చేయించలేదు. ముందు అన్నని అడిగింది. అన్న వేట నుంచి వచ్చి అన్నానికి కూర్చున్నాడు. నేను వడ్డిస్తున్నాను.

"మావా, ఈ గోడ నాకు గావాల."

"తీసుకోయే. గోడేటి, ఇల్లే తీసుకో."

"నవ్వులాట కాదు. వేట ఆపినప్పుడు నీ ఇంజనొస్తాది, వలలొస్తాయి. అప్పుడు కూడా ఈ గోడ నాదే. అప్పుడు తియ్యమంతే తియ్యడానికి కుదరదు, పిల్లలుంతాయి."

"సరేనంతన్నాను కదా. ఇంజను వంటింట్లో ఎట్టుకుంతాను. పులుసొయ్యి."

ఆ మాట నా చెవులతో విన్నాను. అమ్మ కూడా విన్నది. వదిన రెండోసారి అడిగి మరీ అనిపించుకుంది.

తరవాత స్టాండొచ్చింది, తొట్లొచ్చాయి, గాలి కొట్టే పంపు గుయ్యిమనటం మొదలెట్టింది. ముందుగది రంగే మారిపోయింది. వాననీళ్ళలో బాదం ఆకుల రంగు గోడమీద ఊగేది. మా అన్న కూడా భోజనం చేస్తూ అటే చూసేవాడు. పిల్లలు పెరిగాక వదిన థర్మాకోల్ పెట్టెలో సర్ది రాజాం తీసుకెళ్ళేది. రమేష్‌బాబు ఇప్పుడు ఆమెని "గౌరిగారూ" అంటాడు. తొట్టి బేరం మాత్రం ఇద్దరూ ఎత్తరు.

ఏప్రిల్ మధ్యలో వేట నిషేధం వచ్చింది. ఏటా వచ్చేదే, సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు ఇంజను బోట్లు ఆపేస్తారు. బోట్లు ఇసుక మీదకి లాగేశాక మా పేటలో ఇంజన్లు ఇళ్ళలోకి వస్తాయి. అమ్మ ఇంజనుకి నీళ్ళు కొట్టి తుడిచి, పసుపు రాసి బొట్టు పెడుతుంది. మళ్ళీ గంగమ్మకి మొక్కి సముద్రానికి తీసుకెళ్ళేదాకా అది గడప దాటకూడదని ఆమె నమ్మకం. సముద్రంలో చేపలు గుడ్లు పెట్టుకోవాలని మగవాళ్ళంతా ఒడ్డునెక్కి కూర్చున్నారు, మా ఇంట్లో గుడ్లు పెట్టిన చేపకి మాత్రం చోటు లేదన్నారు. ఇంతకన్నా విడ్డూరం నేను చూడలేదు.

మొదటివారం ఇంజను వంటగదిలోనే ఉంది. అన్న మాట మీదే నిలబడ్డాడు. అమ్మ సణిగింది, కాలికి తగులుతోందని, డీజిలు వాసనకి అన్నం సయించటం లేదని. వదిన పొయ్యిని వసారా చివరికి మార్చింది. నేనూ సాయం పట్టాను. ఎండలో, గాలికి మంట నిలవక, అక్కడే వండాం.

చెడగొట్టింది హరిబాబు. అన్నతో కలిసి బోటులో వెళ్ళే మనిషి, వరసకి అన్నని బావ అంటాడు. ఒకరోజు వల బాగుచేసుకుంటూ వసారాలో కూర్చుని, పొయ్యినీ వంటగదిలో ఇంజన్నీ ముందుగదిలో తొట్లనీ ఒక చుట్టు చూశాడు.

"బావా, ఏటిది? సేపలకి గదులు, పెల్లానికి వసారా, ఇంజనుకి వంటిల్లు. నీకెక్కడే సోటు? నువ్వా ఖాలీ తొట్లో పడుకుంతన్నావేటి?"

నలుగురూ నవ్వారు. అన్న కూడా నవ్వాడు. కానీ ఆ సాయంత్రం అన్నం తినేటప్పుడు తొట్లవైపు చూడలేదు.

రెండు రోజుల తర్వాత వదిన పెరిగిన పిల్లల్ని పెట్టెలో సర్దుకుని పొద్దున్నే రాజాం బస్సెక్కింది. పైవరసలో ఒక తల్లి అప్పుడే పిల్లల్ని ఈతకి దింపింది. "దాని జోలికి ఎవుల్నీ పోనీకు. మేత నానొచ్చి ఏస్తాను" అని నాకు చెప్పి వెళ్ళింది. నేను కుళాయికి వెళ్ళాను. నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి. బిందెలతో ఇంటికొచ్చేసరికి వీధిలో టీ రంగు నీళ్ళు పారుతున్నాయి.

లోపల అన్న గొట్టం పెట్టి మూడో తొట్టి ఖాళీ చేస్తున్నాడు. మిగతా రెండూ వసారాలో బోర్లించి ఉన్నాయి. వలల మూటలు స్టాండు మీదకి ఎక్కేశాయి. డ్రమ్ము ఎండలోకి దొర్లిపోయింది. దాని స్థానంలో బొట్టు పెట్టుకుని ఇంజను కూర్చుంది.

"అన్నా, ఆ పసుప్పచ్చదాన్ని కదపొద్దంది వదిన."

"కదిపీసినాను. అదిగో, పెద్దతొట్లో ఉన్నాది, పిల్లల్తోటే. పెద్దది సగం ఖాలీ అయిపోనాది కదా, అన్నీ దాంట్లోనే ఏసినాను." మనిషి ఉత్సాహంగా ఉన్నాడు. మంచి ఉపాయం చేశాననే అనుకుంటున్నాడు. "ఇన్ని తొట్లెందుకో నాకర్థం కాదు. వల్లో పడినప్పుడు అన్ని సేపలూ కలిసుండవేటి?"

వల్లోంచి వచ్చిన చేపలు చావటానికి వస్తాయని ఆయనకి చెప్పాలనిపించింది. అప్పుడు చూశాను, ఎండుచేపల ఉప్పుబస్తా మూతి విప్పి ఉంది. పెద్దతొట్టి అడుగున కల్లుప్పు ఇంకా కరగలేదు.

"ఉప్పెందుకేశావన్నా?"

"రోజూ మీ వదిన సీసాలో ఉప్పేసి మేత సేస్తాది, నాను సూడలేదేటి? రెండు దోసిల్లేసినాను. ఉప్పు లేకండా సేపెలగ బతుకుతాదే? సముద్రపోల్ల ఇంట్లో పుట్టి నీకా మాత్రం తెలీదేటి?"

సీసాలో ఉప్పు మేత పురుగులకి. చేపలకి ఉప్పు పడదు. అంతకాలం ఆ గోడ పక్కనే అన్నం తిన్నాడు, ఒక్కసారి అడిగితే వదిన చెప్పేది. అడగలేదు. సముద్రం మీద పుట్టాడు కాబట్టి నీళ్ళన్నీ తనకి తెలిసినవే అనుకున్నాడు.

నేను వదినకి ఫోన్ చేశాను. బస్సు చప్పుడులో ఆమెకి నా మాట సగమే వినబడింది. ఆ సగానికే అర్థమైపోయింది. "నీల్లట్టు సిన్నతల్లీ. పాతనీల్లు పారబొయ్యనీకు. తల్లి ఏ సిప్పలో దూరిందో సూసి, సిప్పతోటే ఎత్తీసి బక్కెట్లో ఎట్టు" అంది. గొట్టం కింద నేను బక్కెట్టు పెట్టేసరికి తొట్టి అడుగున కాసిని నీళ్ళే మిగిలాయి. పెద్దతొట్టిలో చెయ్యి పెట్టాను. ముందే ఉన్న పెద్దపిల్లలు చిన్నపిల్లల్ని వరి గింజల్లా ఏరుకుని తింటున్నాయి. పసుపుపచ్చ తల్లి కొబ్బరిచిప్ప ముందు అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఎన్నిటినని తరుముతుంది? చిప్ప ఎత్తితే దానివెనకే తనూ వచ్చింది, నా వేళ్ళని పొడుస్తూ. లోపల కొన్ని పిల్లలు మిగిలాయి. కొన్నే.

వదిన సాయంత్రం వచ్చింది. చేతిలో ఖాళీ పెట్టె. చెప్పులు విప్పకుండానే పెద్దతొట్టి ముందు కూర్చుంది. రెండు మగచేపల్లో ఒకటి గాలి గొట్టం కొసనుండే స్పాంజి కింద వెల్లకిలా పడుంది. దానితో కొట్లాడిన రెండోదానికి రెక్కలు లేవు. వదిన తల్లి ఉన్న బక్కెట్టుని దగ్గరికి లాక్కుంది. తల్లి ఒంటిమీద పసుపు పోయి బూడిదరంగు వచ్చేస్తోంది.

అమ్మ మంచంమీద కూర్చుని వత్తులు చేసుకుంటోంది. అన్న ఫోన్ చూసుకుంటున్నాడు. హరిబాబు వసారాలో వలకి ముళ్ళు వేస్తున్నాడు.

"ఎవుల్నడిగి సేసినావు మావా?" వదిన గొంతు వినబడీ వినబడనంత తగ్గిపోయింది.

"ఎవుల్నడగాల? నా ఇంటిలో నానొకల్నడగాలా? సేపల్ని పారేసినానేటి? అన్నీ ఉన్నాయి కదా. సముద్రంలో గోడలున్నాయేటి? లచ్చల సేపలు కలిసి బతకట్లేదేటి?"

"ఇది సముద్రం కాదు."

"అందుకే కదా ఉప్పేసినాను!"

వసారాలో హరిబాబు కిసుక్కున నవ్వాడు. వదిన నవ్వలేదు. "నువ్వు మాటిచ్చినావు. ఇంజనొచ్చినా గోడ నాదే అన్నావు."

"అన్నం తింతా అన్న మాట అది."

"మగోడు అలిసొచ్చి ఏదో అంతాడే" అంది అమ్మ, తల ఎత్తకుండా. "అదట్టుకుని ఏలాడతావేటి? పురుగుల్లాంటి పిల్లలు, పోనాయి. మల్లీ ఎడతాది."

అన్న మాటకన్నా నాకు అమ్మ మాట ఎక్కువ మండింది. పిల్లల్ని చంకనేసుకుని ఊరూరూ తిరిగి తట్ట అమ్మిన మనిషి అనవలసిన మాటా అది?

వదిన లేచింది. "అత్తా, వేట నుంచొచ్చిన డబ్బుకి వాటాలేస్తారు. బోటుకి వాటా ఉన్నాది. వలకి వాటా ఉన్నాది. ఇంజనుకి వాటా ఉన్నాది. ఆ సేపల్ని నెత్తినెట్టుకుని అమ్మినావు జన్మంతా. నీకే వాటా ఇచ్చినారు?"

అమ్మ చేతిలో వత్తి ఆగిపోయింది.

నేను పుట్టినప్పట్నుంచీ వాటాలెయ్యటం చూస్తూనే ఉన్నాను. ఇసుకలో కూర్చుని మగవాళ్ళు భాగాలు పెడతారు. మనిషికో భాగం, ఇంజనుకో భాగం, పాడవకుండా చూసుకోవాలి కదా అని. అది తప్పని ఆరోజు దాకా నాకు తోచలేదు. నోరు లేని ఇనపముక్కకి భాగం ఉంది. దానికి ముందుగదిలో గోడ కూడా కావలసి వచ్చింది. పొయ్యిని వసారాలోకి మోసుకుపోయి, గాలిలో కళ్ళు మంటలెత్తుతూ వండిపెట్టిన మనిషికి ఇచ్చిన మాట మాత్రం అన్నం తింటూ అన్న మాట అయిపోయింది.

"ఏటంతావిప్పుడు?" అన్నాడు అన్న.

వదిన నావైపు తిరిగింది. "సిన్నతల్లీ, ఆ కొసట్టుకో" అంది.

ఇద్దరం ఇంజను ఎత్తాం. అమ్మ వత్తులన్నీ కింద పారబోసి లేచింది. "ఓలమ్మో, బొట్టెట్టిన ఇంజనే! మొక్కకండా గడప దాటించకూడదే!"

"అంత దేవుడైతే వసారాలో గుడి కట్టించత్తా."

అన్న గడపకి అడ్డంగా వచ్చాడు. "బయటెడితే దొంగలెత్తుకుపోతారు. నీ బాబు కొనిస్తాడేటే?" చెయ్యెత్తాడు. వదిన ఇంజను వదల్లేదు, తల పక్కకి తిప్పలేదు. ఇంజను కొస నేలకి దించి నేను వాళ్ళిద్దరి మధ్యకి వెళ్ళాను. మాట రాలేదు గానీ కాళ్ళు వెళ్ళాయి. అన్న నావైపు చూశాడు, ఈ ఇంట్లో నేను కూడా ఉన్నానని అప్పుడే తెలిసినట్టు. చెయ్యి దించాడు.

"దొంగల భయముంతే దాని పక్కన నువ్వే పడుకో" అంది వదిన. "నా సేపల పక్కన నాను పడుకుంతాను."

ఇంజను వసారాలోకి వెళ్ళింది. దాని మీద టార్పాలిన్ కప్పింది వదినే, సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా నాలుగువైపులా తాడు బిగించి మరీ. వలల మూటలు కూడా బయటికి వెళ్ళాయి. అప్పుడు చీకటి పడకుండానే మూడు తొట్లూ కడిగి, డ్రమ్ములో మిగిలిన నీళ్ళు పంచి పోసింది. చాలలేదు. అన్ని నెలలు దాచిన వాననీళ్ళు వీధిలో ఇంకిపోయి, అక్కడ మట్టి ఎర్రగా తడిసి ఉంది. బతికినవాటిని వేరువేరుగా వేసింది. రెక్కల్లేని మగదాన్ని, అందరూ నవ్వే ఆ ఖాళీ తొట్టిలో వదిలింది.

నిషేధం అయిపోయేదాకా మా అన్న వసారాలోనే పడుకున్నాడు, ఇంజను పక్కన చాప వేసుకుని. బక్కెట్టులో మిగిలిన పిల్లల్లో నాలుగైదు దక్కాయి. ఆ తల్లి మళ్ళీ గుడ్లు పెట్టలేదు.

ఇప్పుడు పేటలో చెప్పుకునేది వినండి. గంగులు ఎంత మంచివాడో, పెళ్ళాం ముచ్చట పడిందని తన గది వదిలేసి వసారాలో దోమల్లో పడుకున్నాడట. ఈకాలంలో ఎవడు పడుకుంటాడు అలా? గోడంతా ఇచ్చేశాడట. కుళాయి దగ్గర ఆడవాళ్ళే ఈ మాట అంటున్నారు, వాళ్ళ వాళ్ళ మొగుళ్ళని దెప్పటానికి. పారబోసిన నీళ్ళ సంగతి ఎవరికీ అక్కర్లేదు. ఉప్పు సంగతి చెప్పి నవ్వుకుంటారు, అన్న అమాయకత్వానికి. పిల్లల్ని పోగొట్టుకుని రంగు మారిపోయిన తల్లి గురించి అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. మా అన్న ఆ మెప్పుని కాదనలేదు. మీసం దువ్వుకుంటూ వింటున్నాడు.

మొన్న వదిన వంటగది వైపు గోడ కొలుస్తోంది. టేపు రెండో కొస నేను పట్టుకున్నాను. హరిబాబు అన్న కోసం వచ్చి, గుమ్మంలో నిలబడి చూశాడు.

"ఇంకో గోడేటి సెల్లీ? నీ అదురుష్టం. మా బావ మంచోడు కాబట్టి ఒక గోడిచ్చినాడు. నాలాటోడైతే ఇద్దునేటి?"

వదిన టేపు మీదనుంచి కళ్ళెత్తలేదు. కొలత చూసుకుని సుద్దముక్కతో గీత పెట్టింది.

"మీ బావ నాకు గోడివ్వలేదన్నా" అంది. "నానే ఆడికి వసారా ఇచ్చినాను."